పాల పరక: నాది కాని గిన్నె

ఈ ప్రయాణం గురించి రాయాలా వద్దా అని నెలన్నర పాటు తర్జనభర్జన పడ్డాను. ఇక్కడికి వచ్చి చదివేవాళ్లు బస్సు వేళలు, ఆటో ఖర్చులు, ఏ ఊళ్లో ఏం తినాలి అన్నవి వెతుక్కుంటారు. అవి ఇందులోనూ ఉన్నాయి. వాటితోపాటు నేను చేసిన తప్పు కూడా ఒకటి ఉంది. దాన్ని దాచేసి మిగతాది రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ ఎవరో పెద్దమనిషి కథ రాస్తున్నట్టు అనిపించి చెరిపేశాను. నేను ఆ పెద్దమనిషిని కాదు.

మా ఆఫీసులో అనసూయ అని న్యాల్‌కల్ వైపు అమ్మాయి పనిచేస్తుంది. ఒకరోజు భోజనాల దగ్గర చేపల మాట వచ్చింది. తెలంగాణ చెరువుల్లో దొరికే చిన్న చేపలన్నీ నాకు తెలుసని, పరిగెల నుంచి బొమ్మిడాయిల దాకా అన్నీ తిన్నానని గొప్పలు పోయాను. అంతా విని ఆమె, "మా దిక్కు పాల పరక అని ఒకటుంటది, తిన్నరా సార్?" అంది. అక్కడి ఊళ్లలో వేలెడంత చేపను పరక అంటారు. అంతవరకు నాకు తెలుసు. పాల పరక మాత్రం తెలియదు. ఆ పేరెందుకు వచ్చిందని అడిగితే నవ్వి, "గది ఈడ చెప్పేది కాదు సార్. పోయి చూస్తే మీకే తెలుస్తది" అని తన పుట్టింటి దగ్గరి ఊళ్లో చేపల సంఘం పెద్ద బాలయ్య ఫోన్ నంబరు ఇచ్చింది. నాకు తెలియనిది ఒకటుందని ఎవరైనా అంటే ఆ రోజు నాకు నిద్ర పట్టదు. "నీకున్నది ఆకలి కాదు, ఆరా" అని మా ఆవిడ ఊరికే అనదు.

మార్చి చివరి వారంలో ఒక శనివారం పొద్దున్న అయిదు నలభైకి లింగంపల్లిలో ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాను. టికెట్ నూట ముప్పై దాకా అయింది. పటాన్‌చెరు దాటేసరికి తెల్లారింది. సంగారెడ్డి చౌరస్తాలో పది నిమిషాలు ఆగింది. సదాశివపేట దాటాక బొంబాయి రోడ్డు మీద లారీల వెనక నడక. ఖాళీగా కూర్చోవడం చేతకాక, నోటుబుక్కు తీసి ఆ పేరు ఎందుకు వచ్చి ఉంటుందో మూడు కారణాలు రాసుకున్నాను. ఒకటి, పాలలా తెల్లగా మెరుస్తుంది కాబట్టి. రెండు, మాంసం పాల మీగడలా మెత్తగా ఉంటుంది కాబట్టి. మూడు, చెరువులోకి కొత్త నీరు తెల్లగా నురగ కట్టి వచ్చేటప్పుడు కనిపిస్తుంది కాబట్టి. మూడోది నాకు బాగా నచ్చింది. దాని కింద గీత కూడా గీశాను. చేపను చూడకముందే వ్యాసం సగం అయిపోయింది.

ఎనిమిది దాటాక జహీరాబాద్‌లో దిగాను. బస్టాండు ఎదురుగా హోటల్లో నాలుగు పూరీలు, ఆలుగడ్డ కూర, ఆపైన ఒక చాయ్, ఉస్మానియా బిస్కెట్లు లాగించాను. ఎంత తిన్నానో ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. హోటల్ బయట ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ మొయిన్ భాయ్‌కి యాభై ఏళ్లుంటాయి. పద్దెనిమిది వందల దగ్గర మొదలుపెట్టి, సాయంత్రం దాకా తిప్పి తీసుకురావడానికి పన్నెండు వందలకు ఒప్పుకున్నాడు.

"చాపల కోసం గింత దూరం వచ్చిన్రా సార్? పట్నంల దొరకవా?" అన్నాడు.

"పేరు కోసం వచ్చాను భాయ్. పాల పరక అంటారట."

అద్దంలో నా వైపు ఒకసారి చూశాడు. "అచ్ఛా" అని ఊరుకున్నాడు. నేనూ పట్టించుకోలేదు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు మారుతున్న గుంపు, చెరకు నింపుకుని ఊగుతూ వెళ్తున్న ట్రాక్టర్లు, అల్లం కోసం దున్ని పెట్టిన ఎర్ర మళ్లు, వాటిని ఫొటోలు తీసుకుంటూ కూర్చున్నాను. న్యాల్‌కల్ వైపు తిరిగాక నేల నల్లబడింది. దుకాణాల బోర్డుల మీద అక్కడక్కడా కన్నడ అక్షరాలు కనిపించాయి. తొమ్మిదింబావుకు చెరువు కట్ట దగ్గర దిగాం. ఊరి పేరు రాయడం లేదు. కారణం చదివితే మీకే తెలుస్తుంది.

చెరువు సగానికి తగ్గింది. పదిహేను మంది నడుములోతు నీళ్లలో వల లాగడం అప్పుడే పూర్తి చేశారు. పెద్ద చేపలు తూకమై ఐసు డబ్బాల్లో వ్యాన్ ఎక్కుతున్నాయి. మీ చేపల మీద రాస్తానని ముందురోజే బాలయ్యకు ఫోన్ చేసి చెప్పాను. తెల్ల పంచె మోకాళ్ల పైకి కట్టిన అతను ఎదురొచ్చి, వెనక్కి తిరిగి అందరికీ వినిపించేలా, "పేపర్ సార్ వచ్చిన్రు, కుర్చీ తేన్రి" అన్నాడు. నేను పేపరు మనిషిని కాదు. ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తాను, సెలవు రోజుల్లో ఇక్కడ రాసుకుంటాను. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా కుర్చీ వచ్చింది, చాయ్ వచ్చింది. బాలయ్య కట్ట కోసుకుపోయిన చోటు చూపించి, "గిది జర రాయున్రి సార్" అన్నాడు. రాస్తానని తల ఊపాను. తెరిచిన నోరు చాయ్ తాగడానికి పనికొచ్చింది.

వల అడుగున మిగిలిన చిన్న చేపల్ని టార్పాలిన్ మీద కుప్ప పోస్తే ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ఏరుతున్నారు. వాళ్లలో ఒకావిడ కాస్త ఎడంగా కూర్చుంది. ఆమె పేరు సంగమ్మ అని తర్వాత తెలిసింది. కుప్పలోంచి ఒకే రకం చేపను వెతికి వెతికి తీసి, పక్కనున్న స్టీలు గిన్నెలో వేసి, ప్రతిసారీ తడిగుడ్డ కప్పేస్తోంది. మిగతావాళ్ల చేతికి ఆ రకం తగిలితే వాళ్లూ ఏమీ అనకుండా ఆమె వైపు తోసేస్తున్నారు. నా కళ్లు దాని మీద పడ్డాయి.

"ఏం చేపమ్మా అది?"

"చిన్న చాప సార్."

"పేరుంటుంది కదా?"

"పేరేముంటది సార్. చిన్న చాప."

"పాల పరక అంటే ఇదేనా?" అన్నాను, అందరికీ వినపడేలా.

చేతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఒక ముసలావిడ పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మింది. ఆకు నములుతోందేమో అనుకున్నాను. సంగమ్మ గుడ్డను గిన్నె అంచుల కిందికి దోపింది. వీళ్లకు తమ చేప పేరే తెలియదని నోటుబుక్కులో రాసుకున్నాను, పక్కన ఒక ఆశ్చర్యార్థకం కూడా పెట్టి. తర్వాత తగుదునమ్మా అని వెళ్లి, ఆ గుడ్డ కొస నేనే ఎత్తి ఫొటో తీశాను. యాభై చేపలుంటాయేమో. వెండి రంగు, తోక దగ్గర నల్లటి చుక్క.

కొంటానన్నాను. "అమ్మేటియి కావు సార్" అంది సంగమ్మ. ఎక్కువిస్తానన్నాను. తల అడ్డంగా ఊపింది. అప్పుడు నా దగ్గరున్న పాత మాట బయటికి తీశాను. ఎన్నో ఊళ్లలో పనిచేసిన మాట. ఏ ఇంటి వంటగదిలోకైనా దారి చూపిస్తుందని ఇదే బ్లాగులో మీకు కూడా సలహా ఇచ్చిన మాట. "పొద్దున్నుంచి ఏమీ తినలేదమ్మా. ఆకలిగా ఉంది. కాస్త వండిపెడతావా?" అన్నాను, పూరీల త్రేన్పు అణచుకుంటూ.

సంగమ్మ బాలయ్య వైపు చూసింది. బాలయ్య చెరువు వైపు చూసి, "సార్ ఆకలంటున్నడు గదనే, సంగమ్మా" అన్నాడు. ఆమె లేచి కొంగు దోపుకుని గిన్నె చంకన పెట్టుకుంది. "రాన్రి సార్" అంది.

రెండు గదుల ఇల్లు, ముందు రేకుల పందిరి. నన్ను పందిరి కింద నులక మంచం మీద కూర్చోబెట్టి, బూడిద తెచ్చి చేపల్ని రాతి మీద రుద్ది, పొలుసు పోయేదాకా నాలుగు నీళ్లలో కడిగింది. వెల్లుల్లి దండిగా, మిరియాలు, పసుపు, ఇన్ని నీళ్లు. కారం డబ్బా జోలికే పోలేదు. "కారం వేయవా?" అంటే, "గివి గిట్లనే వండాలె సార్" అంది. నాకు తృప్తి కలగలేదు. సగం నూనెలో వేయించమని అడిగాను. ఒక్క క్షణం నా వైపు చూసి సగం తీసి వేయించింది. జొన్న రొట్టెతో పెట్టింది. మొయిన్ భాయ్‌ని కూడా పిలిస్తే, కడుపులో బాగా లేదని ఆటో దగ్గరే ఉండిపోయాడు.

లోపల గదిలో పసిపిల్ల ఏడుస్తోంది. సన్నగా, ఆపకుండా. "పాప ఎందుకమ్మా అంత ఏడుస్తోంది?" అన్నాను.

"ఆకలి సార్. మా బిడ్డ కూతురు. పదకొండు దినాలైంది."

"పాలు పట్టమనండి మరి" అన్నాను, ముల్లు తీసుకుంటూ.

సంగమ్మ చేతిలో రొట్టె చప్పుడు ఆగింది. "పడ్తది సార్" అని ఇంకో రొట్టె వేసింది. ఇంతకీ ఈ చేపకు ఆ పేరెందుకు వచ్చిందని మళ్లీ అడిగాను. "తిన్రి సార్, సల్లారితే నీసొస్తది" అంది. చివర్లో గిన్నెలో నాలుగు చేపలు, కాస్త రసం మిగిలాయి. చాలన్నాను. "అవి గూడ తినున్రి, ఎంగిలైనయి గద" అని వంచేసింది. తినేశాను. రుచి గురించి రాయడం నా పని. ఇంత మంచి చేప ఈ మధ్య తినలేదు. అయిదు వందలు ఇవ్వబోతే ఆమె చెయ్యి చాపలేదు.

ఆటో కదిలాక నేను ఆ వంట గురించి మాట్లాడుతూ పోయాను. మూడు కారణాల్లో ఏది సరైనదో తేలలేదని కూడా అన్నాను. నాలుగైదు కిలోమీటర్లు వచ్చాక చింతచెట్టు నీడకు తీసి బండి ఆపాడు.

"సార్, ఒక మాట చెప్త. నారాజ్ కావొద్దు."

"చెప్పు భాయ్."

"అవి బాలింత చాపలు సార్. పాలు పడకపోతే బాలింతకు వండి పెడ్తరు. గందుకే ఆ పేరు. ఊర్ల బాలింత ఉన్నదంటే వలల పడ్డయన్నీ ఆ ఇంటికే. పైసలు తీస్కోరు. ఆమె నోట్ల పడేదాంక పేరు గూడ పలకరు. పలికితే దిష్టి తగుల్తది, పాలు పడవంటరు. మా పెద్దబిడ్డ పుట్టినప్పుడు నేను గూడ గీ చెర్వు కాడికే వచ్చి తీస్కపోయిన."

నాకు తల కొట్టేసినట్టయింది. "మరి అక్కడే ఎందుకు చెప్పలేదు?" అన్నాను. ఆ అడగడంలో కూడా తప్పును అతని మీదికి నెట్టే ఆత్రమే ఉంది.

"ఎట్ల చెప్పాలె సార్? చెప్తే పేరు పలికినట్టే గద. మీరు పలికిన్రు గనీ, నా నోటితోని అనబుద్ధి కాలే. నాకు ఫికర్ అయి బయటనే ఉన్న."

ముసలావిడ ఉమ్మింది ఆకు కాదు, దిష్టి. కారం వేయనిది నాకు రుచి తెలియదని కాదు, అది బాలింత పథ్యం. అందులో సగాన్ని నేను నూనెలో వేయించమన్నాను. పాలు లేక ఏడుస్తున్న పిల్లకు పాలు పట్టమని చెప్పాను. ఆ పాల కోసం ఏరిన చేప ముల్లు నా పళ్ల మధ్యే ఉంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎలా ఉంటుందో ఆ మధ్యాహ్నం చూశాను. వెనక్కి చెరువు దగ్గరికి వెళ్లాం. వల కట్ట మీద ఆరేసి ఉంది, అందరూ వెళ్లిపోయారు. బాలయ్య ఇంటికి వెళ్తే, "పదిహేను దినాల దాంక వల వెయ్యం సార్" అన్నాడు. నేనెందుకు అడిగానో అతనికి అర్థమైంది. "పోనియున్రి సార్, అతిథి అడిగినంక ఏం జేస్తం" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. జహీరాబాద్ మార్కెట్లో బొచ్చెలు, రవ్వలు తప్ప ఏమీ లేవు. కోహీర్ వైపు ఒక చెరువుంటుందని మొయిన్ భాయ్ తీసుకెళ్లాడు. నెర్రెలిచ్చిన మట్టి కనిపించింది. ఎండ మండిపోతోంది. కిరాయి ఎక్కువిస్తానంటే, "గది మాట్లాడకున్రి సార్" అన్నాడు. ఆఖరికి ఒకచోట బతికున్న కొర్రమీను దొరికితే కిలోన్నర కొన్నాను. ఏడు వందల చిల్లర అయింది. ఖరీదైనది కాబట్టి మంచిదే అయి ఉంటుందని అప్పటికీ నా లెక్క.

నాలుగింటికి మళ్లీ ఆ పందిరి కిందికి వెళ్లడానికి ముఖం చెల్లలేదు. మొయిన్ భాయ్ ముందు నడిచాడు. సంగమ్మ సంచి విప్పి చూసి, తిరిగి మూతి కట్టింది.

"పచ్చి బాలింతకు మేం గివి పెట్టం సార్. మీ ఇంటికి తీస్కపోన్రి, మీవోళ్లు తింటరు."

"తెలియక చేశానమ్మా" అన్నాను. ఇంకా ఏదో చెప్పాలనిపించింది. "నేను పేపరు మనిషిని కూడా కాదు. ఊరికే రాసుకునేవాణ్ణి."

"గది నాకు పొద్దుగాలనే ఎర్కైంది సార్. పేపరోళ్లు గింతసేపు కూసోరు." చేటలో జొన్నలు చెరగడం ఆపకుండానే అంది. "పేపరాయన అని పెట్టలే. మీరు ఆకలన్నరు. ఆకలన్నోనికి లేదని ఎట్లంట?"

ఆకలి కూడా అబద్ధమేనని చెప్పాలి. చెప్పలేకపోయాను. ఆ ఒక్కటి చెప్పి ఉంటే ఆమె పెట్టిన తిండికి మిగిలిన కాస్త అర్థం కూడా పోయేది అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, ధైర్యం లేకపోయింది.

అప్పుడు లోపలి గది గడప దాకా ఆమె కూతురు రేణుక వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి. చెవులకు గుడ్డ కట్టుకుని, పిల్లను భుజాన వేసుకుని ఉంది. పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయినట్టుంది.

"మంచిగున్నయా సార్?" అంది. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. నిజంగానే అడుగుతోంది. "నేను పుట్టినప్పుడు మా అమ్మ తిన్నదంట. మస్తు రుచి ఉంటయని చెప్తది. నేనింక తినలే."

"బాగున్నాయమ్మా" అన్నాను. ఆ తిండి గురించి ఆ రోజు ఆ ఇంట్లో నేను చెప్పిన నిజం అదొక్కటే.

లేచి వస్తుంటే సంగమ్మ వెనక నుంచి, "పేరెందుకొచ్చిందో తెల్సింది గద సార్. రాసుకోన్రి" అంది. కొర్రమీను మొయిన్ భాయ్ ఇంటికి ఇచ్చేసి ఆరింటి బస్సెక్కాను. నోటుబుక్కు తీయలేదు.

చేప తింటే పాలు పడతాయా అని నాకు తెలిసిన డాక్టరును అడిగాను. ఆ చేపతోనే పడతాయనేమీ లేదని, పిల్ల బరువు తూయించమని, తల్లిని బాగా తినమని, నిద్రపోమని, అవసరమైతే డబ్బా పాలు పట్టొచ్చని చెప్పాడు. అంటే నా వల్ల ఆ పిల్లకు ఏమీ జరిగి ఉండకపోవచ్చు. ఈ మాటతో చాలా రోజులు సరిపెట్టుకోవాలని చూశాను, కుదరలేదు. సంగమ్మ లెక్కలో ఆ గిన్నెలో ఉన్నది తన మనవరాలి పాలు. అదని తెలిసే వంచి నా కంచంలో పోసింది. నేను పన్నెండేళ్లుగా ఊళ్లు తిరుగుతున్నాను. ఎంతమంది పందిళ్ల కింద ఎవరెవరి వంతు తిని, బాగుందని రాసి వచ్చానో అని ఇప్పుడు పాత వ్యాసాలు చూసుకుంటే భయమేస్తుంది, సిగ్గేస్తుంది. పదహారో రోజున మొయిన్ భాయ్‌కి ఫోన్ చేశాను. వల వేసిన నాడు తనే వెళ్లాడట. "ఎనిమిదే పడ్డయి సార్. ఇచ్చిన్రు" అన్నాడు. మరి పాలు పడ్డాయా అని అడిగాను. "నేను అడగలే సార్. గది నేనడిగే సంగతి కాదు" అన్నాడు. నేనింకా ఏమీ నేర్చుకోలేదని అప్పుడు తెలిసింది.

ఆ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు: లింగంపల్లి నుంచి జహీరాబాద్‌కు తెల్లవారుజాము నుంచే బస్సులుంటాయి, రెండున్నర గంటల్లో దిగుతారు. చెరువుల్లో వలలు పొద్దున్నే వేస్తారు, తొమ్మిది లోపు వెళ్తే చూడొచ్చు. వెళ్లేముందు బస్టాండు ఎదురుగా కడుపు నిండా తినండి. తిన్నాక, కట్ట మీద ఎవరైనా పలకరించి ఏమన్నా తిన్నారా అని అడిగితే తిన్నానని చెప్పండి. ఆకలి లేకుండా ఆకలని మాత్రం అనకండి. అక్కడ ఆ మాట నమ్ముతారు.